కలెక్టరు గారు పట్టిన తాడు

నా సర్వీసులో కట్టినవి చాలానే ఉన్నాయి. కల్వర్టులు, బడి గదులు, ఆసుపత్రికి ఒక వార్డు, నీళ్ళెక్కని ఒక ట్యాంకు. వాటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. కట్టాం, కొలతలు రాశాం, కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. కొత్తగా ఇంజనీరు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎప్పుడైనా కనబడితే, "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏమిటండీ?" అని మర్యాదకి అడుగుతుంటారు. సముద్రం ఒడ్డున నేను కట్టని గెస్టుహౌసు ఒకటుంది, అదే అంటాను. పెద్దాయనకి మతి తప్పిందేమో అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మతి బాగానే ఉంది. కాస్త తీరిక ఉంటే కూర్చోండి. మీ పై అధికారులు మీకు చెప్పని సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి.

ఎనభైల మొదట్లో నాకు అమలాపురంలో పోస్టింగు. కాగితం మీద జూనియర్ ఇంజనీరుని, ఊళ్ళలో ఓవర్సీరు గారిని. మాది కొత్తపేట వైపు. గోదావరి తెలుసు, కాలవలు తెలుసు, సముద్రం మాత్రం మాఘమాసంలో స్నానానికి వెళ్ళినప్పుడు చూసిందే. ఒకరోజు మా డిప్యూటీ ఇంజనీరు గారు పిలిచి బల్ల మీద ఒక నీలం ప్లాను పరిచారు. మంత్రిగారెవరో పక్క రాష్ట్రంలో ఒక బీచి చూసి ముచ్చటపడ్డారట. మనకి సముద్రం ఉండి కూడా బీచి లేకపోవడం ఏమిటని బాధపడ్డారట. అంచేత మా తాలూకాలో సముద్రపు ఊరొకటి ఎంచి అక్కడ అతిథిగృహం, దాని ముందు నీళ్ళ వైపు పొడుగాటి సిమెంటు గోడ, బెంచీలు, దీపాలు, మధ్యలో ఒక ఫౌంటెను కట్టమని హైదరాబాదు నుంచి ఉత్తర్వు. సముద్రం ఒడ్డున ఫౌంటెను ఎందుకని నేను అడగలేదు. అంతకంటే ముందు అడగవలసినది ఇంకొకటి కనబడింది.

"సార్, ప్లానులో సముద్రం తూర్పున ఉందండి. అక్కడ దక్షిణాన కదండీ."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "అవునయ్యోయ్. ఇంకెక్కడికో గీసింది మనకి పంపినట్టున్నారు."

"ఇలాగే కడితే బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి కొబ్బరితోట కనబడుతుందండి."

"కనబడనీ. ప్లాను మార్చే అధికారం మనకి లేదు. నువ్వెళ్ళి గుర్తు కర్రలు పాతించు."

సముద్రాన్ని మార్చే అధికారం కూడా మనకి లేదు కదా అనే మాట నాకు సైకిలెక్కి కాలవగట్టు దాటాక తట్టింది. మంచి జవాబులన్నీ నాకు ఎప్పుడూ కాలవగట్టు మీదే తడుతుంటాయి.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఒడ్డు వెంట తూర్పు కొసన సముద్రం వీధి. అక్కడ అన్నీ డాబాలే. రిటైరైన మాస్టార్లు, కొబ్బరి వ్యాపారులు, గాలి కోసం ఇల్లు కట్టుకున్న అమలాపురం ప్లీడరు ఒకాయన ఉండేవారు. పడమటి కొసన తాటాకు ఇళ్ళ పాలెం, చేపలు పట్టేవాళ్ళది. పాలెం దాటితే మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడంతా బురదా, సుడులూ. వీధికీ పాలేనికీ నడుమ విశాలంగా, చదునుగా, ఒక్క ముల్లుకంప కూడా లేని ఇసక. చూసినవాళ్ళెవరైనా ఖాళీ జాగా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

సముద్రం వీధికి ఒక సంఘం ఉండేది. దాని పేరు చెప్పను. పలకడానికే ఊపిరి చాలదు. వినాయకచవితి పందిరి, కార్తీకంలో వనసమారాధన, ముగ్గుల పోటీ, ఏడాదికొక నాటకం, వీటన్నిటికీ ముందొక సభ, వెనకొక సభ. వేసవిలో చలివేంద్రం పెట్టేవారు. అది కూడా వీధి మధ్యలో, ప్రతి ఇంటి అరుగు మీదా చల్లటి నీళ్ళ కుండ ఉన్నచోట. తుఫాను వస్తే ప్రజలు ఎలా ధైర్యంగా ఉండాలో ఏటా ఉపన్యాసం ఇచ్చే హెడ్మాస్టరు గారు, రేడియోలో హెచ్చరిక వినబడగానే అందరికంటే ముందు అమలాపురం బస్సులో కనబడేవారు. అధ్యక్షులవారు వేదం చదువుకున్న కుటుంబం నుంచి వచ్చిన సంస్కృతం మాస్టారు. నోరు తెరిస్తే తేనె. కార్యదర్శి కొబ్బరి వ్యాపారి, వీధిలోకెల్లా ఎత్తయిన మేడ ఆయనది.

గెస్టుహౌసుకి మొదట అనుకున్న స్థలం సరిగ్గా ఆ మేడ ముందు. నేను మొదటిరోజు టేపూ కర్రలూ పట్టుకుని దిగేసరికి సంఘం మొత్తం అరుగుల మీద ఉంది. రాళ్ళు వేస్తారేమోనని భయపడ్డాను.

"రండి రండి ఓవర్సీరు గారూ! ఎండన పడి వచ్చేరు. ముందు కాళ్ళు కడుక్కోండి," అన్నారు అధ్యక్షులవారు.

"పని ఉందండి, చీకటి పడేలోగా..."

"పనెక్కడికి పోతుందండి? తమరు భోంచెయ్యకుండా పని చేస్తే మా వీధికి మాటొస్తుందండి."

పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ, ముక్కల పులుసు, గడ్డపెరుగు. ఆ పైన వసారాలో పట్టెమంచం, దక్షిణపు గాలి. లేచేసరికి చివరి బస్సుకి టైమైంది. నా వెంట వచ్చిన మేస్త్రీ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. రెండోసారి వెళ్తే ఆ రోజు ముగ్గుల పోటీ, నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. నా టేపుతో ముగ్గులు కొలిచి బహుమతులిచ్చాను. మూడోసారి నాటకం రిహార్సలు. లంచగొండి అధికారి వేషానికి మనిషి దొరకలేదట. "మీ మొహానికి అచ్చంగా సరిపోతుందండి," అని బతిమాలారు. నిజం చెప్పొద్దూ, నాకు నాటకాల పిచ్చి. ఒప్పుకున్నాను. చలికాలమంతా గడిచింది, ఆ స్థలంలో ఒక్క కర్ర పాతలేదు. ఆందోళన అంటే జెండాలూ అరుపులూ అనుకునేవాణ్ణి. గోదావరి జిల్లాలో దానికి విస్తరి వేస్తారు.

నాటకం రోజున కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దగుమాస్తా ముందువరసలో కూర్చున్నాడు. రెండో అంకం తరవాత సంఘం వాళ్ళు వేదికెక్కి తీర్మానం చదివారు. సాగరతీరం ప్రకృతిమాత ఒడి అట. దాన్ని సిమెంటుతో కప్పడం మహాపాపమట. తరతరాలుగా తీరాన్ని నమ్ముకుని బతికే పేద మత్స్యకారుల కడుపు కొట్టవద్దట. ఆ మాట దగ్గర అధ్యక్షులవారి గొంతు వణికింది. నాకు కూడా కళ్ళు చెమర్చాయి. పక్కకి తిరిగి చూస్తే ఆ పేద మత్స్యకారులు ఒక్కరూ లేరు. నాటకానికి వాళ్ళని పిలవలేదు.

మర్నాడు కార్యదర్శి తన మేడ మీదకి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చాడు. అక్కడ నిలబడితే పంచె ఎగిరిపోయేంత గాలి.

"ఇదండీ సంగతి. ఇక్కడ గెస్టుహౌసు లేచిందనుకోండి, ఈ గాలి మంత్రిగారి బావమరిదికి పోద్దండి. మేం విసనకర్రలు పట్టుకు కూర్చోవాలి."

"మరి తీర్మానంలో ప్రకృతిమాత, మత్స్యకారులు..."

"గాలి కోసం అని రాస్తే బాగుంటుందేంటండీ?"

ఆయన మీద నాకు కోపం రాలేదు. అబద్ధం చెప్పకుండా కాఫీ ఇచ్చిన మనిషి. తరవాత జరిగినదానికే నాకు ఒళ్ళు మండింది.

వినతిపత్రాల మీద వినతిపత్రాలు వెళ్ళాయి. కొత్తగా వచ్చిన కుర్ర సబ్‌కలెక్టరు స్వయంగా వచ్చాడు. అతనికీ విస్తరి వేశారు. భోజనమయ్యాక అందరం ఒడ్డున నిలబడ్డాం. ఇంత పెద్దమనుషుల మాట ఎలా తోసెయ్యడం, పైనుంచి వచ్చిన ఉత్తర్వు ఎలా ఆపడం అని అతను నీళ్ళు నమిలాడు. అప్పుడు అధ్యక్షులవారు చెయ్యి చాపి పడమటి వైపు చూపించారు.

"అదుగోనండి, అంత ఖాళీ జాగా ఊరికే పడుంది. గోడా గెస్టుహౌసూ కాస్త అటు జరిపితే అందరికీ సుఖం."

సబ్‌కలెక్టరు మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "అక్కడ టెక్నికల్‌గా ఇబ్బంది ఏమైనా ఉందా?" అన్నాడు. చదునైన నేల, గట్టి ఇసక, అడ్డేమీ లేదు. లేదన్నాను. నిమిషంలో తేలిపోయింది. సాయంత్రం సంఘం సమావేశమై తీరం రక్షింపబడినందుకు ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలిపింది. ప్రకృతిమాత ఒడి కార్యదర్శి ప్రహరీ దగ్గర ఆగిపోయిందని అప్పుడు తెలిసింది.

మరుసటి వారం ఆ ఇసకలో కర్రలు పాతించాను. ఎవరూ అడ్డురాలేదు. పాలెం వాళ్ళు దూరంగా నిలబడి చూశారు. రెండ్రోజుల తరవాత వెళ్తే ఒక్క కర్రా లేదు. ఎవరు పీకారా అని నేను రంకెలు వేస్తుంటే పాలెంలోంచి ఒక ముసలామె వచ్చింది. భర్త పోయాక అక్కడి పెద్దవల ఆమె చేతికింద నడిచేది. ఊరంతా మామ్మ అనేవారు. నెత్తిమీద నా కర్రల కట్ట.

"బాబూ, మీ కర్రలిక్కడ మర్చిపోయేరండి. కడిగి ఎండబెట్టేను."

"మర్చిపోలేదమ్మా, పాతాం. అవి తియ్యకూడదు."

"ఆయ్, అలాగేనండి."

మళ్ళీ పాతించాం. మళ్ళీ వెళ్తే మళ్ళీ కట్ట, ఈసారి కట్టతోపాటు ఒక పొట్లంలో ఎండు మెత్తళ్ళ చేపలు. "అన్నిసార్లు మర్చిపోతున్నారు, వంట్లో నీరసమేమోనండి," అంది నవ్వకుండా. మూడోసారి నేను కర్రలు పాతించకుండా ఆమె గుడిసె ముందు కూర్చున్నాను.

"ఎందుకు పీకుతున్నావు మామ్మా? నా ఉద్యోగం పోతుంది."

అప్పుడు ఆమె గొంతు మారింది. "మీ ఉజ్జోగం పోతే ఇంకో ఊళ్ళో ఇత్తారు బాబూ. ఈ ఇసక పోతే మాకెవరిత్తారండి? వల తాడు పట్టుకుని ఎనక్కి ఎనక్కి నడవాలండి. గోడ కడితే ఎక్కడికి నడుత్తాం? అటు చూత్తే మొగ, తాడు దింపితే మనిషి రాడు. ఇటు చూత్తే పెద్దోళ్ళ వీధి, ఆళ్ళు మమ్మల్ని అరుగెక్కనివ్వరు. ఈ ఇసకేనండి మా చేను. పాలెమంతా దీనిమీదే తింటంది."

అంతసేపూ నేను కూర్చున్నది ఖాళీ జాగాలో కాదని ఒంటికి తెలిసింది. ఆ సాయంత్రమే అధ్యక్షులవారింటికి వెళ్ళాను. తీర్మానంలో మత్స్యకారుల కోసం అంత బాగా ఏడ్చిన మనిషి, వాళ్ళ కోసం ఒక్కమాట చెప్తారనుకున్నాను.

ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "బాధాకరమేనండి. కానీ వాళ్ళు మన సంఘంలో సభ్యులు కారు కదండీ."

"చేర్చుకోండి మరి."

"సముద్రం వీధిలో సొంత ఇల్లుండాలండి. నియమం కదా."

మా డిప్యూటీ ఇంజనీరు గారికి చెప్తే, "ప్లాను మార్చే అధికారం..." అని మొదలుపెట్టారు. ఒకసారి మార్చాం కదండీ అన్నాను. "అది పై నుంచి మార్చారు," అన్నారు. సబ్‌కలెక్టరు ఫైలు కాకినాడ వెళ్ళిపోయిందన్నాడు. కాకినాడ నుంచి కలెక్టరు గారే శంకుస్థాపనకి వస్తున్నారని వర్తమానం వచ్చింది. ఇంక పాలెం పని అయిపోయిందనుకున్నాను.

శంకుస్థాపన ఏర్పాట్లన్నీ సంఘం నెత్తిన వేసుకుంది. గండం తమ గుమ్మం దాటిపోయిన ఆనందంలో ఉన్నారు పాపం. ఇసక నడిమధ్య షామియానా, దాని వెనక శంకుస్థాపన గొయ్యి, పాలరాయి ఫలకం, స్వాగతగీతానికి ఆడపిల్లలు, పూర్ణకుంభం. ముహూర్తం అధ్యక్షులవారే పెట్టారు. ఆ రోజు వల వెయ్యవద్దని పాలేనికి కబురు కూడా పంపారు. మామ్మ "ఆయ్, అలాగేనండి" అందిట. ఆ మాట విని నేనొక్కడినే ఆ రోజు పొద్దున్నే వెళ్ళాను, ఎందుకంటే నా కర్రలకి కూడా ఆమె అదే మాట చెప్పింది.

వెళ్ళేసరికి పడవ లోపలికి పోయి వల దింపేసి వచ్చింది. పెద్దవల ఎలా వేస్తారో చూడనివాళ్ళకి రెండు ముక్కలు. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంగా వదులుతారు. దాని రెండు కొసలకీ కట్టిన తాళ్ళు ఒడ్డున ఉంటాయి. ఒక జట్టు తూర్పున, ఒక జట్టు పడమట నిలబడి తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతారు. చివరికి పోయినవాడు తాడు వదిలి మళ్ళీ నీళ్ళ దగ్గరకొచ్చి పట్టుకుంటాడు. అలా లాగుతూ లాగుతూ రెండు జట్లూ దగ్గరవుతాయి, వల మధ్యకి వస్తుంది. మధ్య అంటే ఆ రోజున షామియానా.

ఇంకో కట్టుబాటు ఉంది. దారిన పోయేవాడెవడైనా సరే తాడు మీద చెయ్యి వేస్తే వాడికి చేపల్లో వాటా ఇస్తారు. చెయ్యి వేసినవాడు వల ఒడ్డుకి చేరేదాకా జట్టు విడిచి పోకూడదు. పోతే చేపలు కూడా పోతాయని వాళ్ళ నమ్మకం. వాటా తీసుకున్నవాడు ఆ పూటకి ఆ వలకి మనిషి. వలకి కీడు తలపెట్టకూడదు.

కలెక్టరు గారు ముహూర్తానికి రాలేదు. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డున ఉండిపోయిందట. ఎలాగో వచ్చి జీపు దిగారు. నవ్వు మొహం, పని చూపించుకోవాలని ఉబలాటం ఉన్న మనిషి. వెంట ఫొటోగ్రాఫరు. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటూ, ముహూర్తం ఇంకా కాసేపే ఉందని తొందరపెట్టారు. ఈలోగా మామ్మ కొబ్బరిబొండం పట్టుకుని ఎదురొచ్చింది. సంఘం వాళ్ళు ఆపబోయారు గానీ కలెక్టరు గారే రానివ్వమన్నారు.

"బాబూ, మా ఒడ్డుకి పెద్దోరొచ్చేరు. మా వల మీద ఒక్క చెయ్యెయ్యండి. మీ చేతి చలవని నాలుగు చేపలు పడతాయి."

ఫొటోగ్రాఫరు అప్పటికే కెమెరా ఎత్తాడు. కలెక్టరు గారు నవ్వుతూ వెళ్ళి తూర్పుజట్టు తాడు పట్టుకున్నారు. ఫొటో తీశారు. ఆయన చెయ్యి తియ్యబోతే మామ్మ రెండు చేతులూ జోడించింది. వదిలితే వలకి కీడనీ, వల ఒడ్డెక్కేదాకా ఉండాలనీ, ఇది తాతల నాటి ఆచారమనీ అంది. పాలెం ఆడవాళ్ళందరూ చేతులు జోడించారు. అంతమంది పేదవాళ్ళ ముందు, ఫొటోగ్రాఫరు ముందు, ఆచారాన్ని కాదని ఎలా వదులుతారు? బూట్లు విప్పి పక్కన పెట్టారు.

కలెక్టరు తాడు పట్టుకుని ఉండగా సబ్‌కలెక్టరు చేతులు కట్టుకుని నిలబడలేడు కదా. అతనూ పట్టాడు. సబ్‌కలెక్టరు పట్టాక తాసిల్దారు, ఆయన పట్టాక మా డిప్యూటీ ఇంజనీరు, ఆయన కళ్ళతో సైగ చేస్తే నేను. కాంట్రాక్టరు పట్టుచొక్కా పైకి మడిచి పట్టాడు. కలెక్టరు గారు చెమట తుడుచుకుంటూ, "మాస్టారూ, మీరూ రండి," అని పిలిచేసరికి అధ్యక్షులవారు గుటకలు మింగి, ఉత్తరీయం నడుముకి చుట్టి, తాడు మీద రెండు వేళ్ళు ఆనించారు.

నా సర్వీసు మొత్తంలో ఇంతమంది ఆఫీసర్లు కలిసి ఒకే దిక్కుకి లాగడం ఆ ఒక్కరోజే చూశాను.

వల బరువు. ఇసకలో వెనక్కి నడవడం అలవాటు లేని కాళ్ళు. జట్టువాళ్ళు పాట ఎత్తుకుంటే సబ్‌కలెక్టరు కూడా గొంతు కలిపాడు. ఒక్కో విడత లాగేసరికి మేం మధ్యకి జరుగుతున్నాం. ముందు పూర్ణకుంభం అడ్డొచ్చింది, ఎవరో పక్కకి తీశారు. తరవాత స్వాగతగీతం పిల్లలు లేచి పారిపోయారు. షామియానా తాడు మా వలతాడుకి చిక్కుకుంది. గుంజలు ఊడి, రంగుల గుడ్డ మెల్లగా వాలి హెడ్మాస్టరు గారి మీద పడింది. ఆయన లోపలినుంచి ధైర్యంగా ఉండమని అరుస్తున్నారు. "ముహూర్తం! ముహూర్తం!" అంటూ అధ్యక్షులవారు వెనక్కి నడుస్తూనే ఉన్నారు. ముహూర్తం దాటిపోయింది. కలెక్టరు గారి చెయ్యి తాడు మీద ఉన్నంతవరకూ ఎవరూ వదలలేకపోయారు. ఆయనేమో మామ్మ చూపు తన మీద ఉన్నంతవరకూ వదలలేకపోయారు.

వల సంచీ నీళ్ళలో తెల్లగా కనబడుతుండగా కలెక్టరు గారు ఆఖరి విడత గట్టిగా లాగుతూ వెనక్కి నడిచారు. నడిచి నడిచి నడుందాకా గోతిలో పడ్డారు.

ఆయన గోతిలో నిలబడే తాడు వదలకుండా మా వైపు చూశారు. మొహం ఎర్రబడింది.

"ఎవరిది ఈ పని? వీళ్ళు వల లాగే చోట గొయ్యి ఎవడు తవ్వాడు?"

డిప్యూటీ ఇంజనీరు గారు నా వంక చూశారు. నేను సబ్‌కలెక్టరు వంక చూశాను. అతను సముద్రం వంక చూశాడు.

"మనమే సార్," అన్నాను. "శంకుస్థాపనకి."

ఆయన గోతినీ, పడిపోయిన షామియానానీ, తాడు పడ్డ దారినీ, రెండు చివర్లా రొప్పుతున్న జనాన్నీ చూశారు. తరవాత చెయ్యి చాపి, "ముందు నన్ను లాగండయ్యా," అన్నారు. పాలెం కుర్రాళ్ళు లాగారు.

ఆ రోజు చేపలు ఎక్కువేమీ పడలేదు. అయినా మామ్మ అందరికీ వాటాలు వేసింది. కలెక్టరు గారికి అరిటాకులో రెండు చందువాలు పెట్టి ఇచ్చి, "ఈ పూటకి మీరు మా వలకి మనిషండి బాబూ," అంది. ఆయన రెండు చేతులా ఆకు అందుకున్నారు. తరవాత మామ్మ అధ్యక్షులవారి దగ్గరకి వచ్చింది.

"నాకెందుకమ్మా, నాకెందుకు," అని ఆయన నాలుగడుగులు వెనక్కి వేశారు.

"తాడట్టుకున్నారు కదండీ. వాటా ఒదిలెయ్యకూడదండి. అంతమందిలో మా కోసం మీరు కన్నీళ్ళెట్టుకున్నారని ఊళ్ళో చెప్పుకున్నారండి."

ఆ ఆకు నేను పట్టుకున్నాను, ఆయన తరఫున. కలెక్టరు గారు బూట్లు చేత్తో పట్టుకుని జీపెక్కుతూ సబ్‌కలెక్టరుతో ఒకే మాట అన్నారు: "ఆ రాయి తీయించి గొయ్యి పూడ్పించు." పథకం పునఃపరిశీలనలో ఉందని తరవాత మాకు ఉత్తర్వు వచ్చింది. నేను రిటైరయ్యేనాటికి కూడా పునఃపరిశీలనలోనే ఉంది. ఆ మధ్యలో మంత్రిగారు మారిపోయి, కొత్తాయనకి కొండలంటే ఇష్టమని తెలిసింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. సంఘం ఆపనివ్వలేదు.

నెల తిరక్కుండా సభ పెట్టారు. తీరం కోసం సంఘం సాగించిన అలుపెరగని పోరాటం గురించి అధ్యక్షులవారు మాట్లాడారు. హెడ్మాస్టరు గారు షామియానా కింద తన ధైర్యం గురించి మాట్లాడారు. కార్యవర్గం వాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. శాలువాలు మిగిలిపోతే నాకొకటి కప్పారు. పాలేన్ని ఈసారీ పిలవలేదు. చివరికి తీర్మానం చదివారు: పోరాటం గెలిచిన చోటనే, భావితరాలకి గుర్తుగా, కార్యవర్గం పేర్లు చెక్కిన పాలరాతితో ఒక విజయస్తంభం కట్టాలి.

పోరాటం గెలిచిన చోటంటే ఆ ఇసకే. సరిగ్గా నడిమధ్య.

"వద్దండీ, అక్కడ వల లాగుతారు," అన్నాను కార్యదర్శితో.

"ఎంతండీ, ఒక్క స్తంభం. గోడ కాదు కదా. మామ్మనడిగేం, ఆయ్ అలాగే పెట్టుకోండి అంది."

ఆ మాట వినగానే నేను నోరు మూసుకున్నాను. స్తంభం లేచింది. దానికి సున్నం కొట్టారు, పైన ఒక సిమెంటు శంఖం పెట్టారు. వాన వెలిసిన ఒక రోజున కార్యదర్శి సైకిలు మీద మనిషిని పంపాడు, అర్జెంటుగా రమ్మని. వెళ్ళేసరికి స్తంభం ఇసకలో పడుకుని ఉంది. శంఖం దొర్లుకుంటూ నీళ్ళ దాకా పోయింది. అధ్యక్షులవారి పెదాలు వణుకుతున్నాయి, ఈసారి నిజంగానే.

"మీరు ఇంజనీరు గారు. మీరే తేల్చాలండి. ఇది తనంత తనే కూలిందా, కూల్చేరా?"

కూర్చుని చూశాను. స్తంభం మొదలు చుట్టూ తాడు ఒరుసుకున్న చార. పాలెం మగవాళ్ళు దూరంగా వల ఆరబెట్టుకుంటూ మా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు.

"చేపలు బాగా పడ్డాయండి," అన్నాను. "వల బరువెక్కినట్టుంది."

అధ్యక్షులవారు తలెత్తి నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూశారు. తరవాత నెమ్మదిగా, "సరే, స్తంభం పోతే పోయింది. పాలరాయేదండీ? పేర్లున్న రాయి?" అన్నారు.

అందరం పాలెం వైపు నడిచాం. మామ్మ గుడిసె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నున్నటి తెల్లటి రాతి మీద చేపలు కోస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. అధ్యక్షులవారు రాయి గుర్తుపట్టి నిలబడిపోయారు.

మామ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పేర్లు కిందకి తిప్పేనండి బాబూ," అంది. "పెద్దోళ్ళ పేర్ల మీద చేపలు కొయ్యకూడదు కదండీ."